కాకతీయుల నాటి పానగల్లు అంగడికి వేషాలు: పరిశోధన ఎలా మొదలుపెట్టాలి, ఎలా పూర్తి చేయాలి

కాకతీయుల కథ అనగానే అద్దె వేషాల దుకాణం నుంచి ఒకటే మూట దిగుతుంది. మఖమల్ అంగీ, జరీ పట్టీల దట్టీ, అట్ట కిరీటం, ముందే కుచ్చిళ్లు కుట్టేసిన పట్టుచీర. రాజుకీ అవే, అంగట్లో ఉప్పు అమ్మే మనిషికీ అవే. నల్లగొండ గడియారం సెంటరు నుంచి ఆటోలో కాసేపు పోతే పానగల్లు వస్తుంది. ఆ కాలపు మనుషులు ఏం కట్టుకున్నారో, జుట్టు ఎట్లా ముడిచారో అక్కడి గుళ్ల రాతిలో నిలిచే ఉంది. అంత దగ్గర ఆధారం పెట్టుకుని పిల్లల నాటకంలో కూడా మఖమల్ తొడిగించడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పానగల్లును ఉదాహరణగా తీసుకుని పద్ధతి చెప్తాను. ఇదే పద్ధతి పిల్లలమర్రికీ, వాడపల్లికీ, కొలనుపాకకూ పనికొస్తుంది. నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది: వర్తక పట్టణానికి వేషాలు కట్టేటప్పుడు రాజును చివరికి పెట్టుకోవాలి. ముందు శెట్టిని, పెరిక (సరుకు మూటల) ఎద్దులు తోలేవాడిని, సాలెను, సుంకం వసూలు చేసేవాడిని, గుడి సానిని (గుడి కొలువులో ఆడిపాడే ఆమెను), రేవు నుంచి వచ్చిన పరదేశిని ఆలోచించాలి. వీళ్ల మధ్య తేడా కంటికి ఆనితే ఊరు కనిపిస్తుంది. అందరూ ఒకేలా మెరిస్తే పెళ్లి ఊరేగింపు కనిపిస్తుంది.

1. ఏ ఏడో తేల్చుకోండి

"కాకతీయుల కాలం" అంటే చాలదు. పానగల్లు మొదట కందూరు చోడుల రాజధాని. వాళ్లు కల్యాణి చాళుక్యుల సామంతులుగా 11, 12 శతాబ్దాల్లో ఇప్పటి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలను ఏలారు. పాలమూరు వైపు కందూరు, ఇటు పానగల్లు, నాగర్‌కర్నూల్ దగ్గరి వర్ధమానపురం (ఇప్పటి నందివడ్డెమాను) వాళ్ల ముఖ్య పట్టణాలు. తర్వాత ఈ నేల కాకతీయుల చేతికి వచ్చింది, 1323లో ఓరుగల్లు పడిపోయేదాకా వాళ్ల కిందే ఉంది. అంటే రెండు వందల ఏళ్లకు పైమాట. అంతకాలం ఒకే కట్టు, ఒకే కొప్పు ఉండదు.

అంగడి కథకైతే 1244కూ 1289కీ మధ్య కాలం ఎంచుకోమంటాను. 1244లో గణపతిదేవుడు సముద్రం ఒడ్డున మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. 1289లో మన నకిరేకల్ దగ్గరి చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానం చేసి శాసనం వేయించాడు. రాణి మరణించిన కాలం మనకు తెలిసింది ఆ రాయి వల్లనే. ఈ రెండు తేదీల మధ్య నిలబడితే కాలు కింద గట్టి నేల ఉంటుంది.

ఏడు కుదిరాక ఏవి వాడకూడదో రాసుకోండి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవి, 7వ శతాబ్దం నాటివి. చూడడానికి అద్భుతం, మన కథకు ఆరు వందల ఏళ్లు ముందు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు ఇంకా వెనకటివి. అటు లేపాక్షి బొమ్మలు 16వ శతాబ్దానివి. ఫోటోలు ఎంత నచ్చినా ఈ మూడింటినీ పక్కన పెట్టండి.

అన్నింటికన్నా కష్టమైన నిషేధం మన సొంత గడప దగ్గరిదే. పోచంపల్లి చిటికీ (ఇక్కత్) నేత 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో, చీరాల వైపు తేలియా రుమాలు పని చూసి ఇక్కడ వేళ్లూనుకున్నది. మన జిల్లా పేరు నిలబెట్టిన నేత అది, నాకూ ప్రాణం. అయినా రుద్రమదేవి కాలపు అంగట్లో దాన్ని వేలాడదీయకూడదు. గద్వాల చీర కూడా అంతే: నూలు ఒళ్లు, పట్టు అంచు కలిపే ఆ పనితనం సంస్థానం రోజుల్లో పేరుకెక్కింది.

2. ఊరు ఎందుకు పుట్టిందో కనుక్కోండి

స్థలపురాణం వినండి, రాసుకోండి, కథకుడికి ఇవ్వండి. వేషానికి మాత్రం శాసనమూ చెరువూ కావాలి.

చెరువు ఎందుకంటే, పానగల్లు పక్కనే ఉన్న ఉదయసముద్రం కందూరు చోడుల తవ్వకం. ఇప్పుడు ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువల నీళ్లు నింపుకునే రిజర్వాయరు. అంత పెద్ద చెరువు కింద వరి పండుతుంది, తినగా మిగిలింది అమ్మకానికొస్తుంది, అమ్మకమున్నచోట సుంకం, సుంకమున్నచోట అధికారి, అధికారి ఉన్నచోట గుడి, గుడి ఉన్నచోట సానులు, వాద్యగాళ్లు, పూలవాళ్లు, నూనె గానుగలు. కట్ట మీద నిలబడి ఒకసారి అటు నీళ్లు, ఇటు గుళ్లు చూడండి. మీ నాటకంలో ఏయే వృత్తుల మనుషులు ఉండాలో అక్కడే సగం తేలుతుంది.

మిగతా సగం శాసనాల్లో ఉంది. నల్లగొండ జిల్లా శాసనాలను ప్రభుత్వ పురావస్తు శాఖ సంపుటాలుగా అచ్చు వేసింది. నిజాం కాలంలో లక్ష్మణరాయ పరిశోధక మండలి వాళ్లు ఊరూరా తిరిగి సేకరించిన శాసనాలు కూడా అచ్చయ్యాయి. జిల్లా గ్రంథాలయంలో, విశ్వవిద్యాలయ చరిత్ర శాఖల్లో అడగండి. ఆ భాష మొదట బెదిరిస్తుంది. బెదరక్కర్లేదు, చదవడానికి ఒక వరుస ఉంది.

మొదట తేదీ చూడండి. శకవర్షానికి 78 కలిపితే మనకు అలవాటైన సంవత్సరం వస్తుంది. చందుపట్ల శాసనం శక 1211, విరోధి నామ సంవత్సరం. కలిపితే 1289. ఏడాది చివరి నెలల్లో వేసిన శాసనమైతే ఒక అంకె ముందుకు జరగవచ్చు. అరవై సంవత్సరాల పేర్లలో ఏది రాసి ఉందో కూడా సరిచూసుకోండి.

తర్వాత వచ్చేది ప్రశస్తి, రాజు పొగడ్త. ఇక్కడ నమ్మకం కొంచెం తగ్గించుకోవాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం, కందూరు చోడుల ఉదయుడు ఆ రుద్రదేవుడి భయంతోనే చచ్చిపోయాడంటుంది. గెలిచినవాడి కొలువులోని కవి రాసిన మాట అది. అదే మాట పానగల్లు వాళ్లు ఎట్లా చెప్పుకుని ఉంటారో ఆలోచించడం మంచి రచయితకు పని.

మనకు అసలైన బంగారం చివర్లో, దానం వివరాల్లో ఉంటుంది. ఏ సరుకు మీద ఎంత సుంకం గుడికి ఇచ్చారు, ఎవరెవరు కలిసి ఇచ్చారు, ఎవరు సాక్షులు. కాకతీయుల నాటి శాసనాల్లో స్వదేశి, పరదేశి, నానాదేశి వర్తకులు కనిపిస్తారు. దక్కనంతా తిరిగిన అయ్యావళి ఐనూరు వర్తక సంఘం కనిపిస్తుంది. ఎద్దుల మీద పెరికెలు వేసుకుని సరుకు మోసేవాళ్లు, గుడి కొలువులో సాని మున్నూరు (మూడు వందల సానుల సంఘం), మగ్గం మీద పన్ను కట్టే సాలెలు కనిపిస్తారు. వీళ్లందరితో ఒక పట్టిక వేయండి: మనిషి, పని, ఏ శాసనం. పట్టికలో లేని మనిషి రంగం మీదికి రావాలంటే కారణం చెప్పాలి అని దర్శకుడితో ముందే ఒప్పందం చేసుకోండి. తర్వాత గొడవలు తగ్గుతాయి.

3. సరుకుల జాబితాలోంచి బట్టలు తీయండి

మోటుపల్లి శాసనం సముద్ర వ్యాపారం చేసేవాళ్లకు ధైర్యం చెప్పిన పత్రం. అంతకుముందు తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లనీ, తాను నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ గణపతిదేవుడు అందులో చెప్పాడు. సుంకం పట్టికలో గంధపు చెక్క, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు ఉన్నాయి.

వేషాలవాళ్లు దీన్ని నగల, బట్టల జాబితాగా చదవాలి. పట్టునూలు రేవు నుంచి ఎద్దుల మీద రావాలి, దారి పొడుగునా సుంకం కట్టుకుంటూ. పానగల్లు సంతలో ఒంటినిండా పట్టు కట్టిన కూలి మనిషి ఉండడు. పట్టు ఉంటే శెట్టి భార్య చీర అంచులో ఉంటుంది, గుడి ఉత్సవానికి తీస్తారు. పగడం, ముత్యం కూడా అంతే: ఒకటీ అరా, మెడలో నల్ల దారానికి. రాగి, కంచు కడియాలు సామాన్యులకు. మిరియాలూ పోకలూ ఉన్నాయి కాబట్టి నడుముకు వక్కల సంచి కట్టండి. సంచి, చిన్న కత్తి, తాటాకు కట్ట శెట్టి వేషానికి ఇచ్చే బలం ఏ గొలుసూ ఇవ్వదు. ఎండుమిరపకాయల దండలు మాత్రం అంగట్లో వేలాడదీయొద్దు. మిరప మన దేశానికి పోర్చుగీసుల వెంట వచ్చింది, ఇంకా రెండు వందల ఏళ్లకు పైగా ఉంది.

మార్కోపోలో ఈ మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ ఇక్కడి సన్నబట్టలు సాలెగూడు పోగుల్లా ఉంటాయనీ, ఏ రాజైనా రాణి అయినా సంతోషంగా కట్టుకుంటారనీ మెచ్చుకున్నాడు. కనుక ధనవంతుల బట్ట బరువుగా, బిరుసుగా ఉండకూడదు. పలచగా, ఒంటికి అంటుకుని జారేలా ఉండాలి. మనం చేసే పొరపాటు సరిగ్గా ఇక్కడే: గొప్పతనం చూపించడానికి బట్ట మందం పెంచుతాం.

బట్టల పేర్లు కావాలంటే కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడి దగ్గరికి వెళ్లండి. వెంజావళి, జయరంజి, మంచుపుంజం, మణిపట్టు, భూతిలకం, మహాచీని అంటూ పేర్ల వరుస ఇచ్చాడు. ఆ వరుసను సామాన్య పాఠకుల ముందు పెట్టినవాడు మన గద్వాల వైపు బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వచ్చిన ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర వేషాలు కట్టేవాళ్లు తప్పక చదవాల్సిన పుస్తకం. అయితే పేరు చూసి డిజైను ఊహించకండి. ఆ పేర్లను బట్టల కొట్టువాడి నోట కేకలుగా పెట్టండి. "అమ్మా, మంచుపుంజం చూడు, కొత్తగా దిగింది!" అంటే చాలు, ప్రేక్షకుడి చెవికి కాలం మారిపోతుంది.

4. రాతిని చదవండి

ఇక్కడ తొందర పడకండి. మొత్తం పరిశోధనలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి.

పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం రెండూ చూడాలి. రెండో గుడిలో అందరూ గర్భగుడిలోని కదలని నీడ చూసి వెళ్లిపోతారు. మీరు స్తంభాల దగ్గర కూర్చోండి. పచ్చల సోమేశ్వరంలో రామాయణ, భారత ఘట్టాలున్నాయి, వాటిలో నడిచే మనుషులు, యుద్ధం చేసే మనుషులు ఉన్నారు. పక్కనే పురావస్తు మ్యూజియం. ఆ తర్వాత సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి. రేచర్ల రెడ్లు 13వ శతాబ్దం తొలి ఏళ్లలో కట్టించిన నామేశ్వర, ఎరకేశ్వర ఆలయాల్లో నునుపు తేల్చిన నల్లరాతి స్తంభాలు, వాటి మీద నాట్యం చేసేవాళ్లు, వాద్యగాళ్లు. (మహబూబ్‌నగర్ పిల్లలమర్రి వేరు, అది మర్రిచెట్టు. ఫోన్‌లో దారి పెట్టుకునేటప్పుడు చూసుకోండి.)

పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. ఏటవాలు వెలుగులోనే గీతలు లేస్తాయి. మిట్టమధ్యాహ్నం ఫోటోలో బట్ట అంచు కనిపించదు. గుడి లోపల పూజారిగారిని అడిగి, టార్చిని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టి చూడండి. సుద్దతో గీయడం, నూనె రాయడం, తడిబట్టతో రుద్దడం ఎప్పుడూ చేయకండి. మ్యూజియంలో ఫోటోకు అనుమతి ముందే తీసుకోండి. ఫోటో తీసినా సరే, పెన్సిల్‌తో బొమ్మ వేయండి. చేయి గీస్తున్నప్పుడే కన్ను "ఈ మడత ఎక్కడికి పోయింది?" అని అడుగుతుంది.

దేవుడిని వదిలేసి మనిషిని వెతకండి. దేవతా విగ్రహాల నగలు, కిరీటాలు శిల్పశాస్త్రం చెప్పిన లెక్క ప్రకారం ఉంటాయి. అవి ఆనాటి వీధిలోవి అనుకుంటే దెబ్బతింటాం. పీఠం కింది వరుసల్లో, స్తంభాల అడుగు చదరాల్లో, యుద్ధ దృశ్యాల అంచుల్లో శిల్పి తాను రోజూ చూసిన మనుషులను చెక్కాడు. అక్కడి బంటు, అక్కడి వేటగాడు, మృదంగం వాయించేవాడు మన పాత్రలు.

పైభాగం ఖాళీగా కనిపిస్తే బట్ట లేదని రాసేయకండి. పలచటి బట్టను శిల్పి రెండు మూడు గీతలతోనే చెప్తాడు. చీలమండ దగ్గర అడ్డగీత ఉందా, తొడ మీద వంపు గీతలున్నాయా, ముందు నుంచి కుచ్చిళ్లు వేలాడుతున్నాయా, వెనక గోచి దోపినట్టుందా, భుజం మీద చెంగు అంచు ఉందా, చూడండి. కొందరు స్త్రీలకు రొమ్ము మీద కట్టుబట్ట ఉంటుంది. మొలనూలు ఎన్ని పేటలు, ముడి ఏ పక్క. కొప్పు నెత్తి మీదా, మెడ మీదా, పక్కకు వాలిందా. మగవాళ్ల జుట్టు కూడా చూడండి. చాలామందికి ముడి ఉంటుంది, మన నాటకాల్లో మాత్రం అందరికీ క్రాపులే.

నాట్యగత్తె కట్టును అంగట్లో ఆడవాళ్లకు దించొద్దు. కాలు తిరగడానికి వీలుగా బిగించిన కట్టు అది. గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప నృత్యం మీద ఏకంగా గ్రంథమే రాశాడు. ఆ కాలంలో నాట్యం తనదైన శాస్త్రం, తనదైన ఆహార్యం ఉన్న లోకం. సాని పాత్ర ఉంటే ఆ వేషం ఆమెకే ఉంచండి, అదీ ఆట వేళకే.

నేను పాటించే నియమం: ఒక వివరం మూడు వేర్వేరు శిల్పాల్లో కనిపిస్తేనే గుంపుకు వేస్తాను. ఒక్కచోటే కనిపిస్తే ఒక్క పాత్రకు ఇస్తాను. రామప్ప గుడి మదనికల్లో (స్తంభాల పైన నిలబెట్టిన స్త్రీ శిల్పాల్లో) ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. చూసి అందరం మురిసిపోతాం. దాని ఆధారంతో పానగల్లు సంతలో పదిమందికి ఎత్తు చెప్పులు తొడిగితే ఆ ఒక్క శిల్పం విశేషం కూడా పోతుంది.

5. రంగులు

రాయి రంగు చెప్పదు. పిల్లలమర్రి ఆలయంలో కాకతీయుల నాటి వర్ణచిత్రాల ఆనవాళ్లు కొద్దిగా మిగిలాయి, వాటిని కళ్లారా చూడండి. మిగతాదానికి అద్దకం తెలిసినవాళ్లే దిక్కు. మంజిష్ఠ వేరు, పటిక కలిస్తే ఎరుపు. నీలిమందుతో నీలం. కరక్కాయ కషాయంలో ముంచిన బట్టకు, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టిన ద్రావణం తగిలితే నలుపు. పసుపుకొమ్ము, మోదుగుపూలు ఇచ్చే పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది, కాబట్టి పేద పాత్రల పసుపు బట్ట వెలిసినట్టే ఉండాలి. తంగేడు చెక్క మట్టిరంగు ఇస్తుంది. కృత్రిమ రంగులు 1856 తర్వాతి మాట, కనుక రాణీ రంగు, చిలకపచ్చ మెరుపు, ఊదా మెరుపు తీసేయండి.

గుంపులో సగం మందికి రంగే వేయొద్దు. ఉతకని కోర బట్ట చాలు. రంగం లైట్ల కింద తెల్లటి మిల్లు బట్ట కళ్లలో పొడుస్తుంది, కోర బట్ట ఒదిగి ఉంటుంది.

6. మగ్గం దగ్గరికి, అవ్వ దగ్గరికి

ఆ కాలపు సాలె నాడెను (అడ్డపోగు మోసే పనిముట్టును) ఒక చేతితో విసిరి ఇంకో చేతితో పట్టుకునేవాడు. తాడు లాగితే పరుగెత్తే నాడె 1733లో ఇంగ్లండులో పుట్టింది, మనకు అందడానికి ఇంకా చాలాకాలం పట్టింది. కాబట్టి బట్ట పన్నా (వెడల్పు) చేతులు అందినంతే. రంగం మీద పెద్ద దుప్పటి కావాలంటే రెండు పన్నాలు కలిపి కుట్టండి, ఆ కుట్టు కనబడనివ్వండి. నూలు విషయమూ అంతే. ఇసామీ 1350లో రాసిన పారశీక కావ్యంలో రాట్నం ప్రస్తావన ఉంది, మన దేశంలో దానికి దొరికే తొలి స్పష్టమైన ఆనవాళ్లలో అదొకటి. 1280 నాటి రంగంలో నూలు వడికే ముసలమ్మ చేతిలో కదురు పెట్టడమే క్షేమం. కూలివాళ్లకు చేత్తో వడికిన, అక్కడక్కడ లావెక్కిన ఖద్దరు తీసుకోండి.

గద్వాల, నారాయణపేట, పోచంపల్లి నేతగాళ్ల దగ్గర ఇప్పటి చీర కొనొద్దని చెప్తున్నాను గానీ, వాళ్ల దగ్గరికి వెళ్లొద్దని చెప్పడం లేదు. జరీ లేకుండా, రంగునూలుతో సన్న అంచు, ఒళ్లంతా సాదా, తొమ్మిది గజాల పొడవు అని అడిగి నేయించుకోండి. ముందుగా చెప్పాలి, మగ్గం ఎక్కాక మార్చమనకూడదు. ఖర్చు ఎక్కువే. ముఖ్యపాత్రలు రెండు మూడింటికి నేయించి, మిగతావాళ్లకు అంగడి కోర బట్ట వాడండి.

తొమ్మిది గజాలంటే ఎనిమిది మీటర్ల పైచిలుకు. ఇప్పటి ఐదున్నర మీటర్ల చీరతో గోసి కట్టు (కాళ్ల మధ్య నుంచి తీసి వెనక దోపే కట్టు) కుదరదు. లంగా మీద కుచ్చిళ్లు పోసి పైట వేసే ఇప్పటి కట్టు నిన్నమొన్నటిది. గోసి పెట్టుకోవడం తెలిసిన పెద్దవాళ్లు పాలమూరు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వెళ్లి పక్కన కూర్చుని "అవ్వా, నాట్లకు పోయేటప్పుడు గోసి ఎట్ల పెట్టేటోళ్లు? పండుగకు ఎట్ల పెట్టేటోళ్లు?" అని అడగండి. పనికి ఒక కట్టు, పండుగకు ఒక కట్టు ఉంటుంది. ఆ తేడానే మనకు కావాలి. అవ్వ కట్టు 13వ శతాబ్దపు కట్టు అని ఎక్కడా రాయకండి. ఆమె నేర్పేది కుట్టులేని బట్ట ఒంటి మీద ఎట్లా నిలబడుతుందో ఆ కిటుకు. దాన్ని శిల్పంలోని గీతలతో పోల్చి కట్టు తేల్చుకోవాలి. ఆమె ఒప్పుకుంటేనే వీడియో తీయండి, ఆమె సమయానికి డబ్బు ఇవ్వండి.

కుట్టిన బట్టలు అసలు లేవని కాదు. కుప్పసం (కుట్టిన రవిక, అంగీ) మాట పాత కావ్యాల్లో ఉంది. గుర్రపు రౌతుకు, పరదేశి వర్తకుడికి పొడవు చేతుల అంగీ వేయవచ్చు. గుండీలు, జిప్పులు మాత్రం వద్దు, దారపు ముళ్లు చాలు.

7. కాగితం మీద తేల్చి, ఒంటి మీద చూడండి

ఒక్కో పాత్రకు ఒక కార్డు రాయండి. శెట్టి: పలచని తెల్ల ధోవతి, సన్న ఎర్ర అంచు, భుజాన ఉత్తరీయం, చెవులకు పోగులు, నడుముకు వక్కల సంచి. పెరిక మనిషి: మోకాలి పైకి గోచి, కోర బట్ట, తలకు చుట్ట, భుజం మీద బరువు ఆనడానికి మడత దుప్పటి, తోలు చెప్పులు. సాలె: చేతులకు ఏమీ ఉండకూడదు, కడియం పోగుకు తగులుతుంది. సుంకరి: శెట్టి కన్నా బట్ట తక్కువ రకం, నగ ఎక్కువ రకం. అధికారం ఉంది, తరాల డబ్బు లేదు. కార్డు కింద ఆధారం రాయండి: ఏ గుడి, ఏ స్తంభం, ఏ వైపు, లేదా ఏ శాసనం. ఆధారం లేక మీరే ఊహించింది ఉంటే "ఊహ" అని అక్కడే రాయండి. మీ తర్వాత ఇంకొకరు ఈ పని చేసేటప్పుడు రెండూ కలిసిపోకూడదు.

రాజు, రాణి వేషాలు ఇప్పుడు మొదలుపెట్టండి. శెట్టి బట్ట ఏమిటో తేలింది కాబట్టి రాణిది దానికంటే ఒక మెట్టు పలచన, ఒక నగ ఎక్కువ అయితే చాలు. కిరీటం అవసరమే పడదు.

చివరగా, వేషం కట్టుకుని పూర్తి రిహార్సల్ ఒకటి పెట్టండి. పెరిక మనిషి నిజంగా ధాన్యం మూట ఎత్తాలి, సాలె మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవాలి, సంతకు వచ్చినామె గంప నెత్తికెత్తుకుని నడవాలి. గోసి జారితే పిన్ను గుచ్చకండి. విప్పి, నడుము దగ్గర ఇంకో చుట్టు తిప్పి, మళ్లీ కట్టించండి. నటులు సొంతంగా కట్టుకోవడం నేర్చేదాకా రోజూ సాధన చేయించండి. ప్రదర్శన అయ్యాక మంజిష్ఠ, నీలి బట్టలను విడివిడిగా చల్లని నీళ్లలో జాడించి, నీడన ఆరేసి, కార్డు దారంతో కట్టి పెట్టెలో పెట్టండి.